పాడుబడ్డ గడీలోకి వెళ్లేముందు

ప్రశ్న: మా ఊళ్లో దొరల గడీ పాడుబడింది. లోపలికెళ్లి చూడాలని, ఎప్పుడు కట్టారో తెలుసుకోవాలని ఉంది. ఎలా?

జవాబు: ముందు వారసుల అనుమతి తీసుకోండి. మేడ ఎక్కేముందు, దూలం గోడలోకి దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. వాన నీళ్లు దిగి కుళ్లేది, చెద పట్టేది ఎక్కువగా అక్కడే; నడిమి భాగం గట్టిగానే కనిపిస్తుంది, నమ్మొద్దు. మొన అరంగుళం దిగిందా, ఎక్కకండి. వాకిట్లో గడ్డి చాటున పాతబావి ఉండొచ్చు, కర్రతో తడుతూ నడవండి. గబ్బిలాల గదిలో మాస్కు తప్పదు.

గుమ్మంపై 1310 అని ఉంటే కాకతీయుల నాటిదని మురిసిపోకండి! అది ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరమైతే 590 కలపాలి, అంటే 1900. హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) అయితే 1892-93. స్థలం ఎవరి పేరున ఉండేదో 1954-55 ఖాస్రా పహాణీలో (అప్పటి భూమి రికార్డులో) వెతకండి. నకలు కోసం తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, సర్వే నంబరు మరవకుండా.