పాత ఇల్లు పడగొట్టాలా, నిలబెట్టాలా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. తాతగారు 1950లలో కట్టించిన మండువా లోగిలి, అంటే మధ్యలో కప్పులేని ముంగిలి, దాని చుట్టూ గదులు, వసారాలు ఉన్న పెంకుటిల్లు, మాకు ఉంది. నాన్నగారు 2019లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. డెబ్బై నాలుగేళ్ళ అమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. పడమటి వసారా కప్పు కారుతోంది, ఒక దూలానికి చెద పట్టింది. కిందటి వానాకాలంలో రాత్రిపూట పెరట్లోని బాత్‌రూముకు వెళుతూ అమ్మ జారిపడ్డారు. కాకినాడలో ఉద్యోగం చేసే తమ్ముడు ఇల్లు పడగొట్టి రెండంతస్తుల డాబా కడదామని, బ్యాంకు లోను తానే తీసుకుంటానని అంటున్నాడు. అమెరికాలో ఉన్న చెల్లెలు తాతగారి ఇంటిని ముట్టుకోవద్దని ఫోనులో ఏడుస్తోంది. హైదరాబాదులో మా ఫ్లాటు వాయిదాలే ఇంకా తీరలేదు కనుక ఈ ఖర్చు మన నెత్తిన వేసుకోవద్దని నా భార్య అంటోంది. అమ్మను అడిగితే, "నేను పోయాక మీ ఇష్టం వచ్చినట్లు చేసుకోండి" అంటారు. పెద్దకొడుకుగా నేనేం చేయాలి?

జవాబు: మీ అమ్మగారి మాటను మీరు అంగీకారంగానో, వైరాగ్యంగానో తీసుకున్నట్లు అనిపిస్తోంది. నాకు మాత్రం అందులో స్పష్టమైన కోరిక వినిపిస్తోంది. తాను ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలని, అయితే ఆ మాట పైకి అని ముగ్గురు బిడ్డల్లో ఎవరి పక్షమూ వహించినట్లు కాకూడదని ఆమె అనుకుంటున్నారు. అందుచేత "ఇల్లు ఏం చేద్దామమ్మా" అని అందరి ముందూ అడగకండి. ఒక వారం సెలవు పెట్టి వెళ్ళి, ఆమెతో పాటు ఆ ఇంట్లో ఉండి, వాన పడితే మంచం ఎక్కడికి జరుపుకుంటారో, రాత్రి లేవాల్సి వస్తే ఎక్కడ అడుగు వేయడానికి భయపడుతున్నారో, వాడకం మానేసిన గదులేవో చూసి తెలుసుకోండి. మీకు కావలసిన జవాబులో సగం అక్కడే దొరుకుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇప్పటికి కప్పు బాగుచేయించి, అమ్మగారు పడుకునే గదికి ఆనుకుని ఒక బాత్‌రూము కట్టించండి. పడగొట్టే ఆలోచనను ఆమె జీవితకాలం దాటేవరకు వాయిదా వేయండి. పడగొట్టి కట్టడమంటే తక్కువలో తక్కువ ఏడాది పైమాట. అంతకాలం ఆమె అద్దె ఇంట్లోనో, హైదరాబాదులో మీ ఫ్లాటులోనో ఉండాలి. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుంటే పలకరించి పోయే నలుగురు మనుషులు, గుడి, పెరట్లోని కరివేపాకు చెట్టు, ఇవన్నీ ఒక్కసారిగా దూరమైతే ఆ వయసులో మనిషి ఎంత కుంగిపోతారో నేను చాలా కుటుంబాల్లో చూశాను. కొత్త ఇల్లు ఎంత బాగా కట్టినా, అందులోకి ఆమె తిరిగి వచ్చేసరికి ఉత్సాహం మిగిలి ఉంటుందన్న భరోసా లేదు.

అయితే ఈ సలహా ఇల్లు గట్టిగా ఉంటేనే చెల్లుతుంది. అది తేల్చవలసింది మీరూ కాదు, నేనూ కాదు, కొత్త ఇల్లు కడితే ఎక్కువ లాభం వచ్చే కాంట్రాక్టరు అసలే కాదు. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరును ఫీజు ఇచ్చి పిలిపించండి. దూలాల కొసలు గోడలోకి దిగిన చోట చెమ్మ చేరి లోపల పుచ్చిపోతుంటాయి, పైకి కనబడదు, కాబట్టి అక్కడ తప్పక చూడమనండి. మండువా చుట్టూ నాలుగు కప్పుల వాలు కలిసే మూలల్లో రేకు తుప్పుపడితే ఆ నీరంతా గోడలోకి దిగుతుంది. మీ కారుడుకు మూలం బహుశా పెంకుల కంటే ఆ మూలల్లోనే ఉంటుంది. గోడలు ఒరిగి ఉన్నా, పునాది కుంగి పగుళ్ళు గోడ ఈ వైపు నుంచి ఆ వైపుకు పారినా, ఆయన పడగొట్టమంటే నేనూ ఆయన మాటే వినమంటాను. 1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన రాత్రి ఆ ఇల్లు నిలబడిందన్న ధైర్యంతో ఇప్పటి పరీక్షను మానుకోకండి. ఆ తరువాత ఎన్నో వానాకాలాల చెమ్మ ఆ దూలాలకు పట్టింది.

మరమ్మతులో రెండు పొరపాట్లు అందరూ చేస్తున్నారు గనుక చెప్పాలి. గానుగ సున్నంతో (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నంతో) కట్టిన గోడ లోపలి తేమను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేస్తే తేమ లోపలే చిక్కుకుని, కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. పని ఆలస్యమైనా సున్నం పూతే వేయించండి. రెండవది, పెంకులు తీసేసి ఆ పాత గోడల మీదే స్లాబు వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తేలికపాటి కప్పు కోసం కట్టిన గోడలు అవి. కొత్త బాత్‌రూము కూడా పాత గోడకు అతికించకుండా, తన పునాది మీద తాను నిలిచేలా, మధ్య సన్నని సందు వదిలి కట్టాలి, ఎందుకంటే కొత్త కట్టడం కొంత దిగుతుంది, పాతది దానితో పాటు దిగదు. గది నుంచి మెట్టు లేకుండా నడిచి వెళ్ళే దారి, జారని గచ్చు, వెస్టర్న్ కమోడు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం, వీటి ఖర్చు తక్కువ, మేలు చాలా ఎక్కువ. మొత్తం ఇంటి పని నిదానంగా చేయించినా, ఈ ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి.

ఇక తమ్ముడి సంగతి. అతన్ని స్వార్థపరుడని అనుకోకండి, అమ్మ పడిపోయిందన్న భయమే అతని చేత డాబా మాట అనిపిస్తోందేమో చూడండి. అయినా వాటాలు తేలకుండా అతను లోను తీసుకోవడం అతనికే ప్రమాదం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి పోతే తల్లికీ, కొడుకులకూ, కూతుళ్ళకూ ఆస్తిలో హక్కు ఉంటుంది. పెళ్ళయిన కూతురికైనా, పెళ్ళిలో ఏమి పెట్టి పంపినా, ఆ హక్కు పోదు. నివాసపు ఇంటిలో కూతురు తనంతట భాగం అడగకూడదన్న పాత నిబంధనను కూడా 2005లో తొలగించారు. తాతగారి ఆస్తి కనుక ఎవరికి ఎంత అన్న లెక్క న్యాయవాది కాగితాలు చూసి చెప్పాలి. చెల్లెలు తన వాటా వదులుకుంటానంటే అది నోటి మాటగా ఉండకూడదు, రిజిస్టరు కావాలి. లేకపోతే పదిహేనేళ్ళు వాయిదాలు కట్టిన తమ్ముడు చివరికి ఉమ్మడి ఇంటి మీద తగాదాలో నిలబడవలసి వస్తుంది. అతనితో ఈ మాట అతని మేలు కోరే అన్నగా చెప్పండి.

చెల్లెలి ప్రేమ నిజమైనదే, కానీ ఇల్లు నిలవాలని కోరేవారు దాని మరమ్మతుకు చేయి కలపాలి. కప్పు ఖర్చులో ఆమె భాగమెంతో సూటిగా అడగండి. ఆమె బాధపడదు, బహుశా అడిగినందుకు సంతోషిస్తుంది. మీ భార్య మాటను కూడా నేను కాదనను. ఆమె వద్దంటున్నది అత్తగారిని కాదు, అంతు తెలియని ఖర్చును. మీ వంతు ఇంతేనని ఒక మొత్తం ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని, కాగితం మీద రాసి, దానిలో నాలుగో వంతు కప్పు విప్పాక బయటపడే పనులకని పక్కన పెట్టండి. పాత ఇల్లు విప్పితే అనుకోని పని తప్పకుండా వస్తుంది.

ఇంజినీరు నివేదిక రాగానే ముగ్గురూ అమ్మగారి సమక్షంలో, చెల్లెలు వీడియో కాల్‌లో ఉండగా, దాన్ని చదవండి. పెంకు తిరగవేయడం, చెద పట్టిన దూలం మార్చడం, మూల రేకులు వేయడం జూన్ వానలకు ముందే పూర్తి కావాలంటే మేస్త్రీతోనూ వడ్రంగితోనూ ఫిబ్రవరికల్లా మాట్లాడుకోవాలి. తమ్ముడు కాకినాడలో దగ్గరగా ఉన్నాడు కనుక పని దగ్గరుండి చూసుకునే బాధ్యత అతనికి అప్పగించండి, లెక్కలు మీరు చూడండి.