అక్షరాన్ని బొమ్మ చెయ్యకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా వెబ్‌సైట్లు చేస్తానన్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం టెన్షన్. నా సంగతీ అంతే. మొదటి పని మంగళగిరి చీరల షాపుదని తెలిసి మాత్రం సంబరపడ్డాను.

అడ్వాన్స్ తీసుకోకుండా పని మొదలుపెట్టకు. డొమైన్, అంటే సైటు చిరునామా, షాపువాళ్ల పేరు మీదే కొనిపించు. బ్యాకప్ మర్చిపోకు. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు పంపిన నమూనా చూశాను. రంగులు బాగున్నాయి. కానీ చీర వివరాలు, ధరలు అన్నీ బొమ్మలోనే రాసేశావేమిటే? వాట్సాప్ పోస్టర్లు చూసీ చూసీ మీకందరికీ ఇదే అలవాటైపోయింది. 'నిజాం అంచు' చీర అని వెతికేవాళ్లకి ఆ షాపు ఎలా దొరుకుతుంది? చూపులేనివాళ్ల ఫోను దాన్ని ఎలా చదివి వినిపిస్తుంది?

ఇలాంటిది ఒకసారి జరిగింది. ప్రపంచ భాషల అక్షరాలకి తలా ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన కంప్యూటర్లలో సరిగ్గా కనపడటానికి ఏళ్లు పట్టింది. ఈలోగా పత్రికలు తలా ఒక సొంత ఫాంటు పెట్టుకున్నాయి. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలో తెలుగు ముక్కలు కూర్చేవాళ్లు: ఒకదాంట్లో తలకట్టు, ఒకదాంట్లో కొమ్ము, ఇంకోదాంట్లో ఒత్తు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. నేను పనిచేసిన మాసపత్రికలో యూనికోడ్‌కి మారదామంటే, "ఇప్పుడు బాగానే కనపడుతోందిగా" అన్నారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కనపడేది, నిజమే. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఆ ఫాంట్ల రాతని యూనికోడ్‌కి మార్చే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని తంటాలు పడ్డారు. తర్వాత పత్రిక మూతపడింది, ఫాంటు చేసినవాళ్ల ఆచూకీ లేదు. అందులో మీ తాతయ్య రాసిన కథ ఇప్పటికీ నా దగ్గర సీడీలో ఉంది. తెరిస్తే ఆయన పేరుండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు, ఓ శాతం గుర్తు. అచ్చు ప్రతి ఎవరి దగ్గరా దొరకలేదు. కోపం వస్తుందే ఇప్పటికీ.

అందుకని మాటల్ని టైపు చెయ్యి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెడతావో మండలి పెడతావో నీ ఇష్టం. లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకిచ్చే ఎత్తు, ఇంగ్లీషుకి చాలినంత ఇస్తే మన ఒత్తులకి చాలదు, అక్షరం సైజుకి 1.7 రెట్ల దాకా ఇవ్వు. నీ బటన్ మీద 'వస్త్రాలు' అన్నచోట క్రావడి సగానికి తెగిపోయింది, చూసుకున్నావా?

షాపువాళ్లు ఇన్‌స్టాగ్రామ్ చాలదా అంటారు. అదీ ఉండనీ. కానీ జనం ఏళ్లతరబడి, ఉచితంగా సైట్లు పెట్టుకోనిచ్చే జియోసిటీస్‌లో కట్టుకున్న పేజీల్ని 2009లో యాహూ అమెరికాలో మూసేసిందని చెప్పు. అసలు సరుకు సొంత సైటులో ఉండాలి. మా రోజుల్లో సైటుకొచ్చినవాళ్లు గెస్ట్‌బుక్‌లో నాలుగు మాటలు రాసి వెళ్లేవాళ్లు. డాలస్ నుంచి ఎవరో "మాది తెనాలి" అని రాస్తే ఆఫీసంతా గుమిగూడి చదివాం. ఇప్పుడు లైకు కొట్టి పోతున్నారు.

సరిచేసి లింకు పంపు, నా పాత ఫోన్లో తెరిచి చెబుతాను. మీ నాన్నతో నేను మాట్లాడతాలే. నువ్వు మాత్రం రాత్రి రెండింటిదాకా కూర్చోకు, వేళకి తిను.

మీ పెద్దనాన్న