సీ-ఆర్మ్ ఉన్న థియేటర్లో డ్యూటీ, ఇప్పుడు మూడో నెల... మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల ఆపరేషన్ థియేటర్ నర్సుని. చాలా కేసులకు సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రేలో చూపించే మెషిన్) వాడతారు. నాకిప్పుడు మూడో నెల. సీసం ఏప్రాన్ వేసుకుంటే ఏమీ కాదని సీనియర్లు, ఉద్యోగమే మానేయమని మా అత్తయ్య! రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఇచ్చారు గానీ లాకర్లోనే ఉంటుంది. ఒకటే టెన్షన్. – ఒక పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదమ్మా. కానీ గర్భవతినని ఆసుపత్రికి కాగితం మీద రాసివ్వండి, నోటిమాట చాలదు. అలా తెలియజేశాక, మిగతా నెలల్లో కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు (రేడియేషన్ మోతాదు కొలత) మించకుండా చూడాలని ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధన.

మెషిన్ పెడల్ మీంచి కాలు తీయగానే ఎక్స్‌రే ఆగిపోతుంది, గదిలోగానీ బట్టల మీదగానీ ఏమీ మిగలదు. మీ మీద పడేది ఎక్కువగా పేషెంటు శరీరానికి తగిలి చెదిరి వచ్చేది, అందుకే దూరం బాగా పనిచేస్తుంది: మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగితే దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఈ నెలల్లో టేబుల్ దగ్గర నిలబడి పరికరాలు అందించే స్క్రబ్ నర్సుగా కాకుండా, దూరంగా తిరుగుతూ కావాల్సినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్ డ్యూటీ అడగండి, ఇది మీ హక్కులాంటిదే, మొహమాటపడొద్దు. మెషిన్‌ని పక్కకు తిప్పి తీసేటప్పుడు ట్యూబు (ఎక్స్‌రే వెలువడే భాగం) ఉన్న వైపు అస్సలు నిలబడకండి, చెదిరేది అటే ఎక్కువ. అవతల వైపుకి వెళ్లండి. మామూలుగా తీసేటప్పుడు ట్యూబు బల్ల కిందే ఉండాలి, పైకి పెట్టి తీసే సర్జన్లు లేకపోలేదు!

ఏప్రాన్ విషయంలో సీనియర్లు చెప్పింది సగమే నిజం. వాడాక మడిచి స్టూలు మీద పడేస్తే లోపల సీసం పగులుతుంది, పైకి కనపడదు. హ్యాంగర్‌కి వేలాడదీయాలి, ఏడాదికోసారైనా ఎక్స్‌రే కింద పెట్టి (స్క్రీనింగ్) పగుళ్లున్నాయేమో చూడాలి. మీరు అటూఇటూ తిరుగుతారు కాబట్టి వీపు కూడా కప్పేది అడగండి.

ఇక బ్యాడ్జి. అది మిమ్మల్ని కాపాడదు, ఎంత పడిందో చెబుతుంది, అంతే. ఏప్రాన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకోవాలి, డ్యూటీ అయ్యాక థియేటర్లో వదిలేయకూడదు. పొట్ట దగ్గర ఇంకోటి ఇవ్వగలరేమో అడగండి. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులో మీ అంకె మీరే చూసుకోండి.

ఇప్పటిదాకా ఎంత పడిందో బ్యాడ్జి చెప్పలేదు కదా, మెషిన్‌లో నమోదైన స్క్రీనింగ్ సమయాన్ని (ఎక్స్‌రే ఆన్‌లో ఉన్న సమయాన్ని) బట్టి అంచనా వేయమని రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి. బిడ్డకు 100 మిల్లీగ్రేలలోపు (ఎక్స్‌రేల లెక్కలో మిల్లీగ్రే, మిల్లీసీవర్టు దాదాపు ఒకటే) పడితే ఆ కారణంగా గర్భం తీయించుకోనక్కర్లేదని ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణపై సిఫార్సులు చేసే అంతర్జాతీయ సంస్థ) చెబుతుంది, ఏప్రాన్ వేసుకుని థియేటర్లో పనిచేసేవాళ్లకు పడేది దానికి చాలా చాలా తక్కువ. ఈ ముక్క అత్తయ్య గారికి కూడా చదివి వినిపించండి.