డ్రమ్ములో పట్టిన వాన నీటి పీహెచ్ 5.5 ఉంటే సున్నం కలపాలా?

నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు పీహెచ్ స్ట్రిప్ (రంగు మారే కాగితం) మీద 5.5 చూపిస్తున్నాయి, మిద్దె తోటకి పోసే ముందు సున్నం కలిపి 7కి తేవాలా అని అడిగారు. (పీహెచ్ 7 అంటే మధ్యస్థం, తగ్గితే పులుపు, పెరిగితే క్షారం, అంటే సున్నం గుణం.) వద్దండి. ఆ నీళ్లు ఉన్నవి ఉన్నట్టు పోసేయండి. మాది హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా కుండీలన్నిటికీ పట్టి ఉంచిన వాన నీళ్లే. సున్నం ఎప్పుడూ కలపలేదు, ఆ అవసరమూ రాలేదు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల శుభ్రమైన వాన నీరు కూడా 5.6 దగ్గర ఉంటుంది. అది కాలుష్యం కాదు. మన ఊళ్లో గాలిలో దుమ్ము ఎక్కువ, ఆ దుమ్ములో కాల్షియం ఉంటుంది కాబట్టి ఒక్కోసారి 6 పైన కూడా వస్తుంది. అసలు విషయం ఏమిటంటే, పీహెచ్ అంకె ఆ నీళ్లు ఎంత పుల్లగా ఉన్నాయో చెబుతుంది కానీ ఆ నీళ్లకి మట్టి పీహెచ్‌ని మార్చే బలం ఎంతుందో చెప్పదు. ఆ బలం నీళ్లలో కరిగిన బైకార్బొనేట్లలాంటి లవణాలను బట్టి ఉంటుంది. బోరు నీళ్లలో అవి దండిగా ఉంటాయి, వాన నీళ్లలో దాదాపు ఉండవు. అందుకే కుండీలో పోసిన కాసేపటికే వాన నీళ్లు మట్టి పీహెచ్‌కే వచ్చేస్తాయి. సున్నం వేస్తే ఇబ్బంది కూడా ఇందువల్లే. అడ్డుకునేది ఏదీ లేదు కాబట్టి చిటికెడు సున్నానికే డ్రమ్ము నీళ్లు 9, 10కి ఎగబాకుతాయి.

ఇక కొలవడం. స్ట్రిప్పులు వాన నీళ్లలో సరిగా పనిచేయవు, వాటి రంగే అంకెని కొంచెం అటూ ఇటూ లాగేస్తుంది. పెన్ను మీటర్ నయం, కానీ అదీ వాన నీళ్లలో త్వరగా నిలబడదు, రెండు మూడు నిమిషాలు ఆగాలి. దాంతో పాటు వచ్చే 4.01, 6.86 పొడి ప్యాకెట్లను ఒక్కోటి 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ముందు మీటర్‌ని సరిచూసుకోండి. కుళాయి నీళ్లలో కలిపితే లెక్క తప్పుతుంది. అప్పటికీ అంకె ఊగుతూ ఉంటే గ్లాసుడు వాన నీళ్లలో చిటికెడు పొటాషియం క్లోరైడ్ వేసి చూడండి, పీహెచ్ పెద్దగా మారదు కానీ మీటర్ నిలబడుతుంది. ల్యాబ్‌లో వాడే తెల్లది వాడాలి, ఎరువుల కొట్టులో దొరికే ఎర్ర పొటాష్ కాదు.

డ్రమ్ము మీద ఎండ పడి లోపల నాచు పట్టిందా అన్నది కూడా చూడండి. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, అందుకే అదే నీరు పొద్దున ఒకలా, మధ్యాహ్నం బాగా ఎక్కువగా చూపిస్తుంది. మూత వేసి నీడలో పెడితే సరిపోతుంది. దోమల కోసం మూత ఎలాగూ తప్పదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది సిమెంటు సంపులో, కొత్త స్లాబు మీద పట్టిన నీళ్ల విషయంలో. చల్లదనం కోసం మిద్దెకి సున్నం కొట్టించిన ఇళ్లలోనూ అంతే. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీళ్లు 9 దాటిపోతాయి. దీనికి మీటర్ కూడా అక్కర్లేదు, గ్లాసులో కొంచెం పసుపు కలపండి. ఎర్రబడితే 8.5 పైనే ఉన్నట్టు. పెళ్లిళ్లలో పసుపు, సున్నం కలిపితే పారాణి అయ్యేది ఈ గుణం వల్లే. మా వీధిలో కొత్తగా కట్టిన ఇంటివాళ్ల సంపు నీళ్లు ఇలాగే చూస్తే వెంటనే ఎర్రబడ్డాయి. వాళ్లు సంపు నింపి, నాలుగు రోజులు ఉంచి, పారబోసి, తోమి మళ్లీ నింపడం ఆ సీజనంతా చేశారు. మరుసటి వానాకాలానికి పసుపు పసుపుగానే ఉంది.

అంతదాకా ఆగలేకపోతే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడండి. ఇరవై లీటర్ల బకెట్‌కి పావు చెంచా కంటే తక్కువతో మొదలుపెట్టి, బాగా కలిపి, కొలిచి, 6.5 దగ్గర ఆపేయండి. ఏ రోజు బకెట్ ఆ రోజే చేసుకోవాలి. సంపు మొత్తానికి వేస్తే రెండు మూడు రోజుల్లో సూక్ష్మజీవులు ఆ నిమ్మ ఉప్పుని తినేస్తాయి, పీహెచ్ మళ్లీ పైకి పోతుంది.

డ్రమ్ము కంటే ముందు మీరు కొలవాల్సింది కుండీ మట్టి. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ పోసి, కలిపి, అరగంట ఆగి మీటర్ పెట్టండి. 6 నుంచి 7 మధ్య ఉంటే కూరగాయలకి బాగుంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన మట్టి 8 దాటడం ఇక్కడ మామూలే. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకి అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. మా నూరువరహాలు, గంధరాజం ప్రతి వేసవిలో అలాగే అవుతాయి, వాన నీళ్లు మొదలుపెట్టాక వచ్చే చిగుళ్లు మాత్రం నిండు ఆకుపచ్చగా వస్తాయి. ఆ తేడా కళ్లారా చూస్తాను కాబట్టే వాన నీళ్లలో సున్నం కలుపుతామంటే నాకు ప్రాణం ఒప్పదు.

ఒక్క లోటు ఉంది. వాన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువగా ఉన్న కుండీలకి నెలల తరబడి అవే పోస్తే టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లడం మొదలవుతుంది. అందుకే నేను టమాటా, మిరప కుండీలకి నాలుగు మగ్గుల వాన నీళ్లకి ఒక మగ్గు బోరు నీళ్లు కలుపుతాను. పీహెచ్ కొంచెం పైకి రావాలని మీకు గట్టిగా ఉంటే దానికీ ఇదే మార్గం, సున్నంలా ఒక్కసారిగా ఎగరదు. హైడ్రోపోనిక్స్ చేసేవాళ్ల లెక్క వేరు. మట్టి ఉండదు కాబట్టి వాళ్లు పోషకాలు కలిపాక కొలిచి 5.5 నుంచి 6.5 మధ్యకి తెచ్చుకోవాల్సిందే.

మీది ప్లాస్టిక్ డ్రమ్మే కాబట్టి సిమెంటు టెన్షన్ లేదు. వేసవి దుమ్ము, పావురాల రెట్టలు కొట్టుకొచ్చే మొదటి పావుగంట వాన వదిలేసి ఆ తర్వాత పట్టుకోండి. మట్టి 7.5 దాటిన కుండీలు ఏవైనా ఉంటే ముందు వాటికి పోయండి.