క్లాసులో నా బరువు బోర్డు మీద రాశారు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను హైదరాబాద్‌లో న్యూట్రిషన్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ప్రాక్టికల్స్‌లో లెక్చరర్ నన్ను మెషిన్ ఎక్కించి, బోర్డు మీద బీఎంఐ (ఎత్తుకి బరువెంతో చూపే అంకె) లెక్క వేయించారు. 29.6 వచ్చింది. ‘రేపు నీ మాట ఏ పేషెంట్ వింటాడు?’ అన్నారు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం గ్లాసు మజ్జిగే. రాత్రి రూమ్మేట్లు పడుకున్నాక మాత్రం ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్ మొత్తం తినేస్తున్నాను. తర్వాత కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకుంటున్నాను. వారానికి మూడు నాలుగు సార్లు. దీని పేరు బులీమియా అని పుస్తకంలో చదివాను కూడా. అయినా ఆపుకోలేకపోతున్నాను. నేను డైటీషియన్‌గా పనికొస్తానా?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: పనికొస్తావా లేదా అన్నది తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఈ వారంలోనే డాక్టరు దగ్గరికెళ్లి రక్తంలో పొటాషియం చూపించుకో. వాంతులతో అది పడిపోతే గుండె లయ తప్పుతుంది. దడ, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజే వెళ్లాలి. డాక్టరుకి వాంతుల సంగతి దాచకు. వాంతయ్యాక వెంటనే పళ్లు తోమకు, ఆమ్లానికి ఎనామెల్ మెత్తబడి ఉంటుంది. నీళ్లు పుక్కిలించు, చాలు.

రాత్రి ఆపుకోలేకపోవడం నీ బలహీనత అనుకుంటున్నావు. పగలంతా పస్తుంటే రాత్రి ఒళ్లు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి లేదు. ఆ ప్రయోగం చేసిన ఆన్సెల్ కీస్, 1972లో బీఎంఐకి ఆ పేరు పెట్టినవాళ్లలోనూ ఒకరు. మీ లెక్చరర్ సగం పాఠమే చెప్పారు!

కాబట్టి రేపు పొద్దున మెస్‌లో ఇడ్లీ తిను. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి భోజనం. మధ్యలో నాలుగు గంటలకు మించి ఖాళీ వద్దు. తిన్న టైము రాసుకో. కేలరీలు మాత్రం రాయకు, మన చదువులో ఆ లెక్కలు ఎలాగూ తప్పవు. ఇది కుదుటపడేదాకా బరువు తగ్గే ప్రయత్నాలు ఆపెయ్. సైకియాట్రిస్టును కలువు, దీనికి మంచి చికిత్స ఉంది. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లొచ్చు. వెళ్లడానికి మొహమాటమైతే ముందు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి, ఫోన్ చెయ్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మళ్లీ అందరి ముందూ మెషిన్ ఎక్కమంటే, ‘వద్దు మేడమ్’ అను. కొలవడం నేర్చుకోవడానికి ఒకరి అంకె అందరికీ తెలియాల్సిన పని లేదు. నీతో పాటు ఇంకో ఇద్దరిని తీసుకెళ్లి హెచ్‌ఓడీకి చెప్పు. ఒక్కదానివే వెళితే ‘సెన్సిటివ్’ అనేస్తారు.

ఇక పేషెంట్ సంగతి. నేనూ లావుదాన్నే. డైటీషియన్‌గా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షుగర్ పేషెంట్, ఆటో నడిపే ఆయన, ‘మరి మీరెందుకు తగ్గలేదమ్మా?’ అని అడిగేశాడు. ‘తగ్గుతున్నానండీ’ అని అబద్ధమాడాను, ఇప్పటికీ సిగ్గే. కానీ అన్నం కొలతకి నేనిచ్చిన గిన్నె మాత్రం ఆయన వదల్లేదు. నెల తర్వాత దాన్ని సంచిలో పెట్టుకొచ్చి, ఇది సొట్టపోయింది, ఇంకోటి ఇవ్వమన్నాడు.