కోవ్ రేవులో ఒక్క పగలు: బ్లార్నీ టూరా, సొంతంగా తిరగడమా?

క్రూజ్ ఓడ ఉదయం 8కి ఐర్లాండ్‌లోని కోవ్ రేవు చేరుతుంది, సాయంత్రం 5:30కి కదులుతుంది. వెంట 65 దాటిన అమ్మానాన్నలు, ఇద్దరూ శాకాహారులు. ఓడవాళ్లు అమ్మే బ్లార్నీ కోట (కార్క్ నగరానికి దగ్గర్లోది) టూర్ కొనాలా, మనంతట మనం తిరగాలా అని మీరు అడిగారు. మీరే తిరగండి. పొద్దున్న కార్క్ నగరం, మధ్యాహ్నం నుంచి కోవ్. ఈ వరుస మాత్రం మార్చకండి.

కోవ్‌లో మామూలుగా లాంచీ ఎక్కి ఒడ్డుకు చేరే పని ఉండదు. ఓడను గట్టుకే కట్టేస్తారు, పక్కనే రైల్వే స్టేషన్. కార్క్ కెంట్ స్టేషన్‌కు 25 నిమిషాలు. చాలామంది ముందు కోవ్ చూసి, మధ్యాహ్నం కార్క్ వెళ్లి, తిరుగు రైలు దగ్గర కంగారు పడతారు. దూరంది ముందు ముగిస్తే ఆ బెంగ ఉండదు. పైగా కోవ్‌లో మ్యూజియంలు కాస్త ఆలస్యంగా తెరుస్తారు, కార్క్‌లోని ఇంగ్లిష్ మార్కెట్ పొద్దున్నే తెరిచి ఉంటుంది. ఓడ దిగిన జనమంతా ఒకే రైలు మీద పడతారు కాబట్టి, గేటు తెరవగానే దిగండి. లేదంటే ఓ రైలు వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి.

టాక్సీ కంటే రైలే ఎందుకంటే, కోవ్ ఉన్నది గ్రేట్ ఐలాండ్ అనే దీవి మీద. రోడ్డున రావాలంటే బెల్వెల్లీ వంతెన ఒక్కటే దారి. అక్కడ ఏదైనా ఆగిందంటే బస్సులూ టాక్సీలూ వరసగా నిలిచిపోతాయి. రైలు దారి వేరు. ఒకవేళ రైలే ఆగిపోతే ఇంకో ఉపాయముంది: కార్క్‌లో టాక్సీ ఎక్కి గ్లెన్‌బ్రూక్ వైపు పోనివ్వమనండి. అక్కడ కార్లను ఎక్కించుకునే ఫెర్రీ కొద్ది నిమిషాల్లో దీవి మీదున్న ‘క్యారిగలో’ అనే చోటి గట్టుకు దాటిస్తుంది. అక్కణ్ణుంచి కోవ్ దగ్గరే.

కెంట్ స్టేషన్ నుంచి ఇంగ్లిష్ మార్కెట్‌కు పెద్దవాళ్ల నడకతో అరగంట అనుకోండి. 1788 నాటి మార్కెట్ అది. శాకాహారులకు ముందే చెప్పడం మంచిది: అందులో మాంసం వేలాడుతుంటుంది, చేపల దుకాణాల వరుస ఉంటుంది. ప్రిన్సెస్ స్ట్రీట్ వైపు నుంచి లోపలికి వెళ్తే ఫౌంటెన్ ఉన్న చోటికి వస్తారు, పైన గ్యాలరీలో కేఫ్ ఉంది. అమ్మానాన్నలకు కింద ఇబ్బందిగా ఉంటే అక్కడ కూర్చోబెట్టండి. బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్, పళ్లు కింద కొనుక్కోవచ్చు. మార్కెట్‌కు ఆదివారం సెలవు, రైళ్లు కూడా ఆ రోజు తక్కువే. ఆదివారం దిగేటట్టయితే కార్క్ మానేసి పగలంతా కోవ్‌లోనే గడపండి.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. వెజిటబుల్ సూప్ అని రాసి ఉన్నా చికెన్ ఉడికించిన నీళ్లతో చేస్తుంటారు. చిప్స్‌ను కొన్ని దుకాణాల్లో పశువుల కొవ్వులో వేయిస్తారు. రెండూ అడిగాకే తీసుకోండి. సోడా బ్రెడ్, వెన్న, స్కోన్‌లతో పెద్దవాళ్లకు ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

ఒంటిగంటకల్లా కోవ్ చేరిపోండి. స్టేషన్ భవనంలోనే హెరిటేజ్ సెంటర్ ఉంది, వలసపోయినవాళ్ల కథ చెప్పే మ్యూజియం అది. 1848 నుంచి 1950 దాకా ఐర్లాండ్ వదిలి వెళ్లిన 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ ఒక్క రేవులోనే ఓడెక్కారు. బయట ఇద్దరు తమ్ముళ్లతో నిలబడ్డ అమ్మాయి విగ్రహం ఆనీ మూర్‌ది. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎలిస్ ఐలాండ్ తెరిచినప్పుడు మొదట నమోదైన వలసదారు ఆమే. అమెరికాలో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే మన తల్లిదండ్రులు ఆ విగ్రహం దగ్గర తప్పకుండా ఆగుతారు, వాళ్లను తొందరపెట్టకండి.

అక్కణ్ణుంచి గట్టు వెంట నడిస్తే టైటానిక్ ఓడను నడిపిన వైట్ స్టార్ లైన్ కంపెనీ పాత టికెట్ ఆఫీసు వస్తుంది. ఇప్పుడది టైటానిక్ మ్యూజియం. 1912 ఏప్రిల్ 11న 123 మంది ఇక్కణ్ణుంచే చిన్న స్టీమర్లలో రేవు ముఖద్వారం దగ్గర లంగరేసిన టైటానిక్ దగ్గరికి వెళ్లారు. భవనం వెనక్కి వెళ్లి చూడండి: ఓడెక్కడానికి వాళ్లు నడిచిన చెక్క గట్టు తాలూకు దుంగలు, శిథిలమై, నీళ్లలో ఇంకా నిలబడి ఉన్నాయి. లోపలి ప్రదర్శన కంటే నాకు అదే ఎక్కువ అనిపిస్తుంది. పక్కన కేస్‌మెంట్ స్క్వేర్‌లో 1915 మే 7న మునిగిన ప్రయాణికుల ఓడ లూసిటానియా స్మారకం ఉంది. ఆ మృతుల్లో చాలామందిని ఊరి బయట ఓల్డ్ చర్చ్ శ్మశానంలో మూడు సామూహిక సమాధుల్లో ఉంచారు. నడకకు దూరం, టాక్సీ తీసుకోండి.

సెయింట్ కోల్మన్ కెథడ్రల్‌కు దారి నిటారు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులుంటే టాక్సీలో పైకి వెళ్లి, మెల్లగా నడిచి దిగడం నయం. వాన పడితే ఆ వాలు జారుతుంది కాబట్టి దిగేటప్పుడు కూడా టాక్సీయే. గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న జాకెట్ పట్టుకెళ్లండి. మోగించే గంటలు 49 ఉన్న కెథడ్రల్ అది, మోగితే ఊరంతా వినిపిస్తుంది. వెస్ట్ వ్యూ వీధిలో వాలు మీద రంగురంగుల ఇళ్ల వరుసకు పేకముక్కలని పేరు: కింది ఇల్లు కూలితే మిగతావన్నీ దాని మీద పడతాయని అక్కడివాళ్ల మాట. ఫొటో కోసం గోడలెక్కకండి, అవి జనం కాపురముంటున్న ఇళ్లు.

ఇక బ్లార్నీ. కార్క్‌లో రైలు దిగి 215 నంబరు బస్సులో వెళ్లొచ్చు, కానీ అక్కడ అందరూ ముద్దుపెట్టుకునే బ్లార్నీ రాయి దగ్గరికి వందకు పైగా ఇరుకు మెట్లు ఎక్కాలి, వెల్లకిలా పడుకుని తల కిందికి వాల్చాలి, ఓడలొచ్చిన రోజుల్లో పెద్ద క్యూ. మెడనొప్పో బీపీనో ఉన్నవాళ్లకు వద్దే వద్దు. తోటలు మాత్రం చాలా బాగుంటాయి, అవి చూడాలనుకుంటే కార్క్‌కు బదులు బ్లార్నీ అనుకోండి. రెండూ ఒకే రోజు కుదరవు.

గడియారం సంగతి మరవకండి. ఫ్రాన్స్ నుంచి వస్తే ఐర్లాండ్ సమయం ఒక గంట వెనక. ఫోన్ దానంతటదే మారిపోతుంది, ఓడ మారకపోవచ్చు. ఓడ ఎక్కాల్సిన వేళ ఓడ గడియారం ప్రకారమే, అదీ బయలుదేరే వేళకు అరగంటో గంటో ముందుగా. దిగేటప్పుడు మెట్ల దగ్గర రాసి ఉన్న వేళను ఫొటో తీసుకోండి.

డబ్బు యూరోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి తెచ్చిన పౌండ్లు పనికిరావు, కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది.

అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులైతే వీసా ఇప్పుడే చూసుకోండి. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదు, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా ఐర్లాండ్ వీసా అక్కర్లేదని కాదు. యూకే వీసా మీద బీఐవీఎస్ (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి వీసా పథకం) అన్న అక్షరాలుండి, ముందు యూకేలో ఇమిగ్రేషన్ దాటి ఉంటే దానితోనే రావచ్చు. టికెట్ కట్టేముందు క్రూజ్ కంపెనీ నుంచి ఈ విషయం రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే సరైన వీసా లేకపోతే వాళ్లు మొదటి రేవులోనే ఓడ ఎక్కనివ్వరు.