వేటకు వెళ్ళి విమానంలో తిరిగొచ్చేటప్పుడు ఖాళీ తూటాలు, ఈకలు, కొమ్ములు వెంట తెచ్చుకోవచ్చా?

ప్రశ్న అడిగినవారు స్నేహితులతో కలిసి సౌత్ డకోటా వైపు వేటకు వెళ్తున్నారట. గుర్తుగా కాల్చేసిన షెల్స్, నాలుగు ఈకలు, దొరికితే జింక కొమ్ములు తెచ్చుకుని, సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు అవే ఇండియాలో బావమరిదికి ఇవ్వాలని ఉందట. అమెరికా లోపల చాలావరకు తెచ్చుకోవచ్చు. ఇండియాకు మాత్రం వద్దు. ఎందుకు వద్దో చెబుతాను గానీ, ముందు మీ సంచి సంగతి తేల్చాలి. ఇలాంటి తంటాలన్నీ తుపాకీ దగ్గర కాదు, సంచి దగ్గర మొదలవుతాయని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు.

మా టీమ్‌లో పనిచేసే ఒకాయనది సౌత్ డకోటాలో పల్లెటూరు. వాళ్ళ నాన్నగారికి మొక్కజొన్న చేలున్నాయి. ఫెజెంట్లనే కోడిజాతి అడవిపిట్టల వేట సీజన్ మొదలవగానే రమ్మని పిలిస్తే డాలస్ నుంచి బయల్దేరాం. అక్కడ అక్టోబరు మూడో శనివారం అంటే మనకు సంక్రాంతి కోడిపందేల హడావుడే. ఊరూరా నారింజ రంగు టోపీలు, పికప్ ట్రక్కులు, కుక్కలు. రూల్స్ మాత్రం ఖచ్చితం. పుంజుల్నే కొట్టాలి, పెట్ట జోలికి వెళ్ళకూడదు. మనిషికి రోజుకు మూడు. పొద్దున పది కొట్టకముందు తుపాకీ పేలకూడదు. పిట్ట గడ్డిలోంచి బుర్రుమని లేచిన క్షణంలో వరసలో ఎవరో ఒకరు ‘పుంజు’ అనో ‘పెట్ట’ అనో గట్టిగా అరుస్తారు. ఆ అరుపు చెవినబడి, అర్థమై, తుపాకీ భుజానికి చేరేసరికి మా గుంటూరు మిత్రుడి పిట్టలు మిన్నెసోటా సరిహద్దులో ఉండేవి.

కాల్చిన షెల్‌ని చేలో వదిలేసి రావడం అక్కడ మర్యాద కాదు. ఎవరి ప్లాస్టిక్ వాళ్ళే ఏరుకోవాలి. ఏరుకుని ఎక్కడ వేస్తాం? జేబులో. కాల్చని తూటాలు ఉండేదీ ఆ జేబులోనే. సాయంత్రానికి రెండూ కలిసిపోతాయి. మా గుంటూరు వాడు ఇంకో మెట్టు పైకెళ్ళి, భోజనం డబ్బాలు, తూటాల పెట్టె, నీళ్ళ సీసా అన్నీ తన ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగులోనే వేసుకుని చేలంతా తిరిగాడు. “మంచి బ్యాగురా, నీళ్ళు పడ్డా తడవదు” అని గొప్ప కూడా.

తిరుగు ప్రయాణంలో సూ ఫాల్స్ విమానాశ్రయంలో ఆ బ్యాగు స్కానర్‌లోంచి బయటికొచ్చి పక్క బల్ల మీదకు వెళ్ళింది. చేతికి నీలం గ్లవ్స్ వేసుకున్న పెద్దావిడ చిన్న గుడ్డముక్కతో జిప్పు, పట్టీలు తుడిచి మెషీన్‌లో పెట్టింది. మెషీన్ కూత పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? తూటాలో ఉండే మందులో నైట్రోసెల్యులోజు, చాలా రకాల్లో నైట్రోగ్లిజరిన్ కూడా ఉంటాయి; ఆ మెషీన్ వెతికేదీ అలాంటి వాటినే. ఆ సీజన్‌లో ఆ ఊళ్ళో రోజుకు ఎన్ని బ్యాగులకు కూస్తుందో ఏమో, ఆవిడ ముఖంలో కంగారేమీ లేదు. లోపలున్న జిప్‌లాక్ కవరు తీసి, ఖాళీ షెల్స్‌ని బూడిద రంగు ట్రేలో ఒక్కొక్కటే నిలబెట్టడం మొదలుపెట్టింది.

అప్పటిదాకా నేను షెల్‌ని అంత దగ్గరగా చూసింది లేదు. ఎర్ర ప్లాస్టిక్ గొట్టం, అడుగున ఇత్తడి కప్పు, కప్పు మధ్యలో చొక్కా గుండీ కంటే చిన్న ప్రైమర్. పేలినదానికి ఆ ప్రైమర్ మీద సూదిమొన పొడిచిన సన్నగుంట ఉంటుంది. పైమూత పువ్వులా విచ్చుకుని, అంచులు మసిబారి, ముక్కు దగ్గర పెడితే ఘాటు వాసన. ఆవిడ ప్రతిదాన్నీ తలకిందులు చేసి గుంట ఉందా లేదా చూస్తోంది. వరస చివరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఒకదానికి గుంట లేదు. పైమూత మడతలు మడతలుగా బిగించి ఉంది. లోపల సన్నగుళ్ళు గలగలమన్నాయి.

“ఇది ఇంకా పనిచేస్తుంది బాబూ” అంది.

కాసేపటికి ఎయిర్‌పోర్టు పోలీసు వచ్చాడు. మా వాడి చెమట చూడాలి. చలికాలం కోటు కింద చొక్కా తడిసిపోయింది. భయం తూటా గురించి కాదు, వీసా గురించి. హెచ్1బీ వర్క్ వీసా మీదో, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక్క తూటా అయినా నేరమే. దానికున్న మినహాయింపుల్లో మనలాంటి వాళ్ళకు అక్కరకొచ్చేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. మా వాడు ఫోన్‌లో లైసెన్సు తీసి చూపించాడు. పోలీసు చూసి, “ఎన్ని పడ్డాయి?” అన్నాడు. “రెండు” అన్నాడు మా వాడు. ఆ రెండింట్లో ఒకటి నాది. పోలీసు నవ్వి, ఆ ఒక్క తూటా వాళ్ళ దగ్గర వదిలేయించి, వివరాలు రాసుకుని పంపేశాడు. ఖాళీవన్నీ ఆవిడ మళ్ళీ కవర్లో పోసి ఇచ్చేసింది.

మీ ప్రశ్నకు కావలసిన రూలంతా ఈ ట్రేలోనే ఉంది. గుండు లేకుండా, ప్రైమర్ పేలిపోయిన ఖాళీ షెల్ అమెరికాలో చేతిసంచిలో కూడా వెళ్తుంది. పేలనిది చేతిసంచిలో పనికిరాదు. చెక్-ఇన్ సామానులో, అట్టపెట్టెలోనో దానికోసం చేసిన డబ్బాలోనో సర్ది, ఎయిర్‌లైన్ చెప్పిన బరువులోపు పెట్టాలి. చాలా ఎయిర్‌లైన్స్ 5 కిలోలంటాయి. తుపాకీ అయితే ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర నోటితో చెప్పి అప్పగించాలి. అన్నిచోట్లా ఆ పెద్దావిడే కూర్చుని ఉండదు. రూలు తెలియని మనిషి తగిలితే ఖాళీవి కూడా చెత్తబుట్టలోకి పోతాయి. పేలనిది దొరికితే తర్వాత ఇంటికి జరిమానా నోటీసు రావొచ్చు.

వీసా మాట వచ్చింది కాబట్టి ఇంకో చిరాకు కూడా కక్కేస్తాను. టెక్సస్‌లో ప్రైవేటు స్థలంలో యజమాని ఒప్పుకుంటే అడవిపందుల వేటకు 2019 సెప్టెంబరు నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఇది పట్టుకుని మన వాట్సాప్ గ్రూపుల్లో “లైసెన్సు తీసేశారు, వీకెండ్‌కి పదండి” అని పిలుపులు. తీసేసింది రాష్ట్రం. ఫెడరల్ మినహాయింపు నిలబడేది ఆ లైసెన్సు మీదే. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి చెల్లిన సలహా హెచ్1బీ వాడి కొంప ముంచుతుంది. పంది కోసమైనా లైసెన్సు కొనండి. వీసా లాయరుకిచ్చే ఫీజులో అది ఏ మూలకు?

ఇక సంచి. 2024 ఏప్రిల్‌లో ఓక్లహోమాకు చెందిన ఒకాయన భార్యతో కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవులకు విహారానికి వెళ్ళాడు. ఎప్పుడో జింకల వేటకు తీసుకెళ్ళిన, కాల్చని తూటాలు నాలుగు చేతిసంచిలో ఉండిపోయాయి. బయల్దేరేటప్పుడు అమెరికా తనిఖీలో ఎవరి కంటా పడలేదు. తిరిగొచ్చేటప్పుడు అక్కడ పడ్డాయి. ఆ దీవుల చట్టంలో అప్పటికి కనీస శిక్ష 12 ఏళ్ళు. ఆ రోజుల్లో అలా చిక్కుకున్న అమెరికన్లు ఆయనతో కలిపి ఐదుగురు. పెద్ద గొడవై, చివరికి శిక్ష విషయంలో జడ్జిలకు వెసులుబాటు ఉండేలా అక్కడి చట్టం సవరించారు, వీళ్ళూ జరిమానాలు కట్టి ఇళ్ళకు చేరారు. ఇది ఎవరికి చెప్పినా ఆ దేశాన్ని తిడతారు. నేను సంచినే తిడతాను. వేటకు తీసుకెళ్ళిన సంచిని బీచ్‌కి ఎందుకు తీసుకెళ్ళాలి? వేటకు విడిగా ఓ సంచి కొనుక్కుని, ఎవరూ పొరపాటున ముట్టుకోని రంగుది కొనుక్కుని, గరాజ్‌లో కొక్కేనికి తగిలించండి. పిల్లల స్కూలుబ్యాగు, ఆఫీసు బ్యాగు, డైపర్ బ్యాగు ఆ కొక్కెం దరిదాపులకు రాకూడదు. కోటుకూ ఇదే వర్తిస్తుంది. కోటు లోపలి జేబుకు మరీనూ.

ఇండియా సంగతి. అక్కడ వేట 1972 వన్యప్రాణి చట్టంతోనే దాదాపు ముగిసిపోయింది, 1991 సవరణ తర్వాత సరదా వేట అన్న మాటే లేదు. కాబట్టి విమానాశ్రయంలో మీ సంచి తెరిచే కస్టమ్స్ అధికారికి తూటా అంటే ఫెజెంట్ గుర్తుకు రాదు. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అన్న మాట కిందికే దాని భాగాలూ వస్తాయి. లైసెన్సు లేకుండా దొరికితే 25వ సెక్షన్ కింద కేసు. ఖాళీ షెల్‌కి అదే చట్టంలో 45(డి) అనే దారి ఉంది: మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు చట్టం వర్తించదు. నిజమే. కానీ ఆ వాదన మీరు వినిపించేది ఎవరికి? కస్టమ్స్ బల్ల దగ్గర కాదు. పోలీస్‌స్టేషన్‌లో, ఆ తర్వాత కోర్టులో. అప్పటికి మీ తిరుగు విమానం దుబాయ్ దాటి ఉంటుంది.

తమకే తెలియకుండా సంచిలో ఒక్క తూటా మిగిలిపోయినవాళ్ళ మీద పెట్టిన కేసుల్ని ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు కొట్టేసింది. వస్తువు మన దగ్గర ఉంటే చాలదు, ఉందని మనకు తెలిసి ఉండాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. వాళ్ళందరినీ కాపాడింది “నాకు తెలియదండీ” అన్న మాట. మీకు ఆ మాట కూడా ఉండదు. మీరు తెలిసే, కడిగి, తుడిచి, బావమరిది పేరు రాసి మరీ పెట్టుకున్నారు! మా బావమరిది కూడా అడిగాడు, “బావా, ఒక్కటి తీసుకురా, షోకేస్‌లో పెట్టుకుంటా” అని. షోకేస్‌కి చార్మినార్ బొమ్మ కొనుక్కోమన్నాను. ఏడాదిపాటు అలిగాడు.

ఈకల దగ్గర నాకు పట్టింపు లేదు. ఫెజెంట్ అమెరికా పిట్ట కాదు, ఆసియా నుంచి తెచ్చి వదిలింది. అందుకే వలసపక్షుల చట్టం దాన్ని పట్టించుకోదు. అదే చట్టం కింద దారిలో రాలిన కాకి ఈక ఏరుకోవడం కూడా తప్పేనని మీ పిల్లలకు చెప్పండి, నమ్మరు. పుంజు తోక ఈకలు చాలా పొడుగు. పోస్టర్లు చుట్టే అట్టగొట్టంలో పెడితే విరగవు. అలా పెట్టి తెస్తే ఓ ఎయిర్‌లైన్ కౌంటర్లో అది కూడా ఒక బ్యాగు కిందే లెక్కన్నారు. అదే విమానంలో ఒకాయన గిటార్ భుజాన వేసుకుని దర్జాగా ఎక్కాడు. ఇండియాకు మాత్రం ఈకలూ వద్దు. అక్కడి కస్టమ్స్‌తో పిట్టల జాతుల గురించి మాట్లాడే ఓపిక మీకు ఉంటుందనుకోను.

మాంసం తెచ్చుకునేవాళ్ళకు ఒక్క మాట. శుభ్రం చేసిన పిట్టకు కూడా తలో, ఈకలున్న రెక్కో, కాలో ఏదో ఒకటి వదిలేయాలి. పుంజా పెట్టా అని వేట రూల్స్ చూసే వార్డెన్ గుర్తుపట్టాలి కదా. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. కూలర్ మూత తీసిన మా ఆవిడకు మొదట కనబడింది గోళ్ళతో సహా ఒక కాలు. నాటుకోడి పులుసులాగే పెట్టింది గానీ, పంటి కిందికి సన్నగుండు వస్తే నావైపు చూసేది.

చివరికి కొమ్ములు. జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో బయటపడి, ఇప్పుడు చాలా రాష్ట్రాలకు పాకింది. అందుకని మెదడు, వెన్నెముక ఉన్న భాగాల్ని చాలాచోట్ల రాష్ట్రం దాటించనివ్వరు. పుర్రె పలకను గీకి, కణజాలం ఏమీ లేకుండా శుభ్రం చేసిన కొమ్ములైతే సాధారణంగా ఫరవాలేదు. మొనలకు గుడ్డ చుట్టి, ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేయండి. లేదంటే నాలాగా ఆ ఊరి పోస్టాఫీసు నుంచి పార్సెల్ పంపేయండి. షెల్స్ కూడా అక్కరలేదనుకుంటే వేట ముగిసిన సాయంత్రమే ఆ రైతు ఇంటి చెత్తడబ్బాలో వేసి రావచ్చు. మా వాడివి ఇప్పటికీ అతని ఆఫీసు డెస్క్ మీద పెన్ స్టాండ్ పక్కన ఉన్నాయి, హెచ్‌ఆర్ వాళ్ళు ఇంకా చూడలేదు.